మెత్తనిదల్లా పొట్టకు తేలిక కాదు: ఐబీఎస్‌లో తిండి ఎంపిక

సంక్షిప్తంగా

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్) ఉన్నవారికి తేలికైన తిండి అంటే మెత్తగా, చప్పగా ఉండేది కాదు. చిన్నపేగులోనే దాదాపుగా అరిగిపోయి, పెద్దపేగులో పులియడానికి తక్కువ మిగిల్చేది వారికి తేలిక. ఈ లెక్కన అన్నం, ఇడ్లీ, పలుచని మజ్జిగ చాలామందికి పడతాయి. రోగి ఆహారంగా పేరుపడ్డ పాలు, బ్రెడ్డు, యాపిల్ పడకపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులను కొద్ది వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూసుకోవడమే వైద్యులు చెప్పే పద్ధతి. శాశ్వతంగా మానేయమని ఎవరూ చెప్పడం లేదు.

రోగి సంచిలోని తిండి

ఆసుపత్రిలో ఉన్నవారిని చూడటానికి వెళ్లేటప్పుడు చేతిసంచిలో ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, అరడజను యాపిల్ పళ్లు పెట్టుకెళ్లడం మన దగ్గర మామూలే. పాలు ఎలాగూ అక్కడే దొరుకుతాయి. ఇంటికి వచ్చాక కూడా నాలుగు రోజులు వేడి పాలలో ముంచిన బ్రెడ్డే పథ్యం. నమలక్కర్లేదు, కారం లేదు, నూనె లేదు కాబట్టి తేలిక అని నమ్మకం. జ్వరం నుంచి లేచినవారి విషయంలో ఈ నమ్మకంతో పేచీ లేదు. ఐబీఎస్ ఉన్నవారి విషయంలోనే లెక్క తిరగబడుతుంది. బ్రెడ్డులోని గోధుమతో ఫ్రక్టాన్లు, పాలతో లాక్టోజ్, యాపిల్‌తో సార్బిటాల్, మిగులు ఫ్రక్టోజ్ కడుపులోకి చేరతాయి. పేగును ఉబ్బించే చక్కెరల పేర్లు రాయమంటే ఈ నాలుగూ పైవరుసలోనే ఉంటాయి.

నాలుకకు మెత్తగా తగిలేది పేగుకు బరువు కావచ్చు. పళ్లకు పని చెప్పే జొన్నరొట్టె, మైదా బ్రెడ్డు కంటే పొట్టలో నిమ్మళంగా ఉండవచ్చు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియకపోతే తిండి ఎంపిక ఊహాగానంగానే మిగులుతుంది.

ఏది ఐబీఎస్, ఏది కాదు

తెలుగు ఇళ్లలో ‘గ్యాస్ ట్రబుల్’ అనే మాట గుండెల్లో మంట నుంచి మలబద్ధకం వరకు అన్నిటికీ సరిపోతుంది. ఐబీఎస్‌కు మాత్రం కచ్చితమైన కొలమానం ఉంది. 2016లో ప్రకటించిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత 3 నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పి మలవిసర్జనతో ముడిపడి ఉండటం, విసర్జన సంఖ్య మారడం, మలం రూపం మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. లక్షణాలు మొదలై 6 నెలలు దాటి ఉండాలి. ఈ గీటురాయితో 33 దేశాల్లో జరిపిన సర్వే 2021లో వెలువడింది. ఇంటర్నెట్ ద్వారా అడిగిన దేశాల్లో సుమారు 4 శాతం మందికి ఐబీఎస్ ఉన్నట్టు తేలింది. మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ.

ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు మామూలుగానే వస్తాయి. అందుకే ఈ జబ్బు రెండు రకాలుగా పక్కదారి పడుతుంది. కొందరికి ‘అంతా మనసులోనే’ అన్న మాట మిగులుతుంది. మరికొందరికి ‘ఆమం’ అన్న పేరుతో అమీబా మందులు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పడుతుంటాయి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ చరిత్ర ఉంటే తిండి మార్పుల జోలికి పోకుండా ముందు పరీక్షలు చేయించుకోవాలి. మన దేశంలో పేగు క్షయ కూడా ఇలాంటి లక్షణాలతోనే మొదలుకావచ్చు. ఇంకొక జాగ్రత్త ఉంది, దాన్ని చాలామంది వెనకాముందూ చేస్తారు. గోధుమ మానేయాలనుకునేవారు సీలియాక్ జబ్బుకు (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష ముందే చేయించుకోవాలి. మానేసిన కొన్నాళ్లకు చేయిస్తే, జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు.

పేగులో జరిగేది

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ‘ఫాడ్‌మ్యాప్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. సరిగా శోషణ కాని, సూక్ష్మజీవులు తేలిగ్గా పులియబెట్టే చిన్న పిండిపదార్థాలన్నిటినీ కలిపి పెట్టిన పొడి అక్షరాల పేరు అది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు, పప్పుల్లోని రాఫినోస్, స్టాకియోస్ ఒక గుంపు. పాలలోని లాక్టోజ్ రెండోది. మామిడి, తేనె, యాపిల్‌లో గ్లూకోజ్‌ను మించి ఉండే ఫ్రక్టోజ్ మూడోది. క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు, చక్కెర లేని చూయింగ్ గమ్ములలో ఉండే మానిటాల్, సార్బిటాల్ వంటివి నాలుగోది.

ఇవి పేగును సాగదీసే దారులు రెండు. ఫ్రక్టోజ్, మానిటాల్ వంటి చిన్న అణువులు చిన్నపేగులోకి నీటిని లాగుతాయి. ఫ్రక్టాన్ల వంటి గొలుసులు పెద్దపేగు దాకా చెక్కుచెదరకుండా వెళ్లి, అక్కడి బ్యాక్టీరియాకు విందు అయి, వాయువుగా మారతాయి. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు దీన్ని ఎమ్మారై చిత్రాల్లో చూపించారు. ఫ్రక్టోజ్ తాగినవారి చిన్నపేగులో నీరు పెరిగింది. ఇన్యులిన్ అనే ఫ్రక్టాన్ తాగినవారి పెద్దపేగులో గాలి పెరిగింది.

అదే బృందం 2017లో ప్రకటించిన మరో ఫలితం ఇంకా ముఖ్యమైనది. ఐబీఎస్ ఉన్నవారికీ ఆరోగ్యవంతులకూ ఒకే చక్కెర ఇచ్చి చూస్తే లోపల చేరిన గాలి, నీరు దాదాపు సమానంగానే ఉన్నాయి. నొప్పి, ఉబ్బరం మాత్రం ఐబీఎస్ వారికి ఎక్కువ. అంటే వారికి గ్యాస్ ఎక్కువ పుట్టడం లేదు, పుట్టిన గ్యాస్‌ను వారి పేగు నరాలు ఎక్కువగా పట్టించుకుంటున్నాయి. ఒకే పంక్తిలో కూర్చుని ఒకే సాంబారు పోసుకున్న అన్నదమ్ముల్లో ఒకరు హాయిగా కునుకు తీస్తే, ఇంకొకరు నడుముకు బిగిసిన పంచె వదులు చేసుకోవడం వెనుక కథ ఇదే. తిండి చెడ్డది కాదు. ఆ పేగుకు ఆ రోజు ఓర్చుకునే హద్దు దాటింది, అంతే.

హద్దు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పప్పు ఒక్కటే తింటే ఏమీ కాకపోవచ్చు. పప్పు, ఉల్లిపాయ వేసిన కూర, వెల్లుల్లి దంచిన పచ్చడి, సాంబారు, చివర మామిడిపండు వరుసగా పడితే చిన్న మోతాదులన్నీ ఒకచోట కూడుతాయి. తెలుగు భోజనం వరుసే అలాంటిది. అందుకే ‘నిన్న పడింది, ఇవాళ ఎందుకు పడలేదు’ అన్న చికాకు ఈ జబ్బులో తరచూ వినిపిస్తుంది.

అన్నం స్థానంలో చపాతీ

పిండిపదార్థాల్లో ఏది ఎంత మిగులుతుందో శ్వాసలోని హైడ్రోజన్ ద్వారా కొలవచ్చు. పెద్దపేగులో పులిసినప్పుడు పుట్టే ఆ వాయువులో కొంత ఊపిరి ద్వారా బయటికి వస్తుంది. 1980లలో అమెరికాలో జరిగిన ఇలాంటి పరీక్షల్లో గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప, చిక్కుళ్లతో పోలిస్తే వరిపిండి దాదాపు ఏమీ మిగల్చకుండా అరిగిపోయింది. ఐబీఎస్‌లో అన్నానికి ఉన్న మంచి పేరుకు ఆధారం ఇదే.

రాత్రిపూట అన్నం మానేసి చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు లెక్కలేనన్ని. షుగరు అదుపుకో, బరువు తగ్గడానికో చేసిన మార్పు అది. గోధుమలో ఫ్రక్టాన్లు సుమారు 1 నుంచి 2 శాతమే. వెల్లుల్లితో పోలిస్తే అది అత్యల్పం. కానీ వెల్లుల్లి రెండు రెబ్బలు తింటాం, చపాతీలు మూడు తింటాం. మొత్తం మోతాదులో గోధుమదే పైచేయి అవుతుంది. చపాతీకి మారాక ఉబ్బరం మొదలైందని చెప్పేవారు గ్లూటెన్‌ను తిట్టుకోవడం పరిపాటి. అయితే 2013లో మోనాష్ బృందం, 2018లో నార్వే బృందం జరిపిన పరీక్షల్లో గ్లూటెన్ మీద నేరం రుజువు కాలేదు. నార్వే పరీక్షలో ఫ్రక్టానే దోషిగా తేలింది. సీలియాక్ లేనివారికి ఇది ఊరటే, ఎందుకంటే పూర్తి నిషేధం అవసరం లేదు. మోతాదు తగ్గిస్తే చాలు. లేదా జొన్నరొట్టె వైపు చూడవచ్చు. జొన్నలో ఫ్రక్టాన్లు తక్కువ. షుగరు ఉన్నవారు అన్నానికి తిరిగి మారేముందు వైద్యుడితో మాట్లాడాలి.

ఇక చిరుధాన్యాల సంగతి. కొర్రలు, అండుకొర్రల్లో దోషం లేదు. అన్నం తిన్న పేగును సోమవారం ఉదయం నుంచి మూడు పూటలా పీచు మీద పెట్టడంలోనే చిక్కు ఉంది.

కట్టు ఎటు పోతే చక్కెర అటు

పప్పుల్లోని రాఫినోస్, స్టాకియోస్‌లను విడగొట్టే ఎంజైము మనిషి పేగులో లేదు. ఎంత ఆరోగ్యవంతుడికైనా అవి పెద్దపేగు దాకా వెళ్లాల్సిందే. ఊరట ఏమిటంటే ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత పోతుంది. పప్పును విడిగా ఉడికించి, పైన తేరిన కట్టును వంపేస్తే ఇంకా పోతుంది. కుక్కర్‌లో కొలిచి నీళ్లు పోసి ఉడికిస్తే మాత్రం అంతా గిన్నెలోనే ఉంటుంది.

దీనివల్ల ఒక విచిత్రం ఉంది. పొట్ట బాగాలేనప్పుడు ‘పప్పు బరువు, కట్టుచారు పోసుకో’ అనడం ఇళ్లలో అలవాటు. పప్పులోంచి దిగిన చక్కెరలు ఉన్నది ఆ కట్టులోనే. ఐబీఎస్ ఉన్నవారికి కట్టు వంపేసిన ముద్దపప్పు ఒక గరిటెడు, గిన్నెడు కట్టుచారు కంటే సుఖం. చారు కావాలంటే మిరియాలు, జీలకర్ర, చింతపండుతో పప్పు లేకుండా కాచింది ఉంది. పెసరపప్పు తేలిక, శనగపప్పు వాతం అన్న పాత మాట అనుభవం మీద వచ్చింది. కానీ ఏ పప్పయినా మోతాదే నిర్ణయిస్తుంది. పావు కప్పుకు ఊరుకున్న పేగు ముప్పావు కప్పుకు ఊరుకోదు.

ఇడ్లీ ఈ విషయంలో అదృష్టవంతురాలు. మినప్పప్పును నానబెట్టి నీళ్లు వంపడం ఒక మెట్టు, రాత్రంతా పులియడం రెండో మెట్టు. పిండిలోని సూక్ష్మజీవులు పేగులో జరగాల్సిన పనిలో కొంత గిన్నెలోనే ముగిస్తాయి. పైగా అందులో సగానికి మించి బియ్యమే. పక్కన పోసే సాంబారు ఆ మేలంతా తుడిచిపెట్టగలదు. ఇడ్లీతో అల్లప్పచ్చడి, పుట్నాలు తగ్గించి చేసిన కొబ్బరి పచ్చడి మేలు. దీనికి ఎదురు కొసన ఉప్మా పెసరట్టు ఉంది. పులియని పెసరపిండి, లోపల గోధుమరవ్వ ఉప్మా, పైన పరిచిన పచ్చి ఉల్లిముక్కలు. ఒక్క అట్టులో మూడు దారుల నుంచి సరుకు చేరుతుంది.

ఉల్లి రుచి ఉంచుకుని ఉల్లి మానడం

ఫ్రక్టాన్ నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. వంటింట్లో ఈ ఒక్క వాక్యం విలువ చాలా ఎక్కువ. సాంబారులో ఉడికిన ఉల్లిపాయలను ఏరి పక్కన పెట్టినా ఫలితం ఉండదు, కరిగేది అప్పటికే పులుసులో కరిగింది. అదే వెల్లుల్లి రెబ్బలను చితక్కుండా నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడితే వాసన మిగులుతుంది, ఫ్రక్టాన్ రెబ్బతోపాటు బయటికి పోతుంది. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం పనికొస్తుంది, కింది తెల్లని గడ్డ కాదు. ఇంగువ కూడా ఉంది. ఉల్లి వెల్లుల్లి తినని ఇళ్లలో వాటి లోటు తీరుస్తూ వచ్చింది అదే. డబ్బాలో దొరికే ఇంగువలో మైదా కలిపి ఉండవచ్చు. చిటికెడుతో ఐబీఎస్‌కు నష్టం లేదు, సీలియాక్ ఉన్నవారు మాత్రం డబ్బా మీది వివరాలు చూసుకోవాలి.

కూరగాయల్లో వంకాయ, క్యారెట్, టమాటా ఇబ్బంది తక్కువ పెట్టేవి. బీర, సొర, పొట్ల కాయల్లో 90 శాతానికి మించి నీరే, పథ్యం కూరలుగా వాటికి వచ్చిన పేరు ఊరికే రాలేదు. క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు అటువైపు. పళ్లలో బొప్పాయి, అనాస, కమలా పడతాయి. అరటిపండు కాస్త గట్టిగా ఉన్నప్పుడు తేలిక, మచ్చలు పడి మెత్తబడే కొద్దీ ఫ్రక్టాన్లు పెరుగుతాయి. ఇక్కడా మెత్తదనం మోసమే.

పాలు వేరు, మజ్జిగ వేరు

చిన్నతనం దాటాక లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గిపోవడం మానవజాతిలో ఎక్కువమందికి సహజం. మన దేశంలో ఆ ఎంజైము నిలిచి ఉండే లక్షణం వాయవ్యంలో ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ. 250 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఎంజైము తగ్గినవారిలో కూడా చాలామంది ఆ మాత్రం తట్టుకుంటారు. ఐబీఎస్ తోడైతే ఆ హద్దు కిందికి జారవచ్చు. పెరుగు తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ తగ్గుతుంది, మిగిలినదాన్ని విడగొట్టడానికి పెరుగులోని బ్యాక్టీరియా పేగులోనూ సాయపడుతుంది. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన మజ్జిగలో గ్లాసుకు మిగిలేది ఇంకా స్వల్పం. పాలు పడవన్న కారణంతో పెరుగు, మజ్జిగ కూడా మానేసి, కాల్షియం పోగొట్టుకోవడం అనవసర త్యాగం.

కారం, నూనె, పీచు

కారం ఫాడ్‌మ్యాప్ లెక్కలోకి రాదు, దాని దారి వేరు. మిరపలోని క్యాప్సైసిన్ పేగు గోడలోని నొప్పి నరాలను నేరుగా తడుతుంది. క్యాప్సైసిన్‌ను పట్టే గ్రాహకాలున్న నరాలు ఐబీఎస్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి. మనలాగే కారం తినే థాయిలాండ్‌లో జరిగిన ప్రయోగాల్లో మిరప కలిపిన భోజనం విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవారికి నొప్పి, మంట పెంచింది. వారాల తరబడి కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఆ తీవ్రత తగ్గింది కూడా. కాబట్టి గుంటూరు కారం జీవితకాల శత్రువేమీ కాదు. లక్షణాలు ఎగసిన రోజుల్లో మిరియాలు, అల్లంతో సరిపెట్టుకోవడం తెలివి. బజ్జీలు, ఆవకాయ నూనె వంటి కొవ్వు ఎక్కువైన తిండి భోజనం చేసిన కాసేపటికే పెద్దపేగును కదిలిస్తుంది, విరేచనాల రకం వారికి అది తెలిసిన అనుభవమే.

పీచు మంచిదే అన్నది సగం నిజం. నెదర్లాండ్స్‌లో 275 మందితో జరిపి 2009లో ప్రచురించిన పరీక్షలో ఇసబ్‌గోల్ పొట్టు, గోధుమ తవుడు, ఉత్తి వరిపిండి పోల్చి చూశారు. నీటిలో జిగురుగా మారే ఇసబ్‌గోల్ ఉపశమనం ఇచ్చింది. తవుడు తీసుకున్నవారిలో చాలామంది లక్షణాలు పెరిగాయని మధ్యలోనే మానేశారు. గుజరాత్, రాజస్థాన్ పొలాల నుంచి ప్రపంచానికి వెళ్లే ఈ పొట్టు మలబద్ధకం రకానికి బాగా నప్పుతుంది. అరచెంచాతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి.

ఎంత మేలు ఆశించవచ్చు

2014లో మెల్‌బోర్న్‌లో 30 మంది ఐబీఎస్ రోగులు 21 రోజులు ఫాడ్‌మ్యాప్ తక్కువ ఉన్న తిండి, 21 రోజులు మామూలు తిండి తిన్నారు. లక్షణాల్లో తేడా స్పష్టంగా కనిపించింది. 2015లో స్వీడన్‌లో 75 మందిని రెండుగా విడదీసి, ఒక గుంపుకు ఈ పద్ధతి, ఇంకొక గుంపుకు పాత సలహాలు ఇచ్చారు. వేళకు తినడం, కొద్దికొద్దిగా తినడం, నూనె, కాఫీ, కారం తగ్గించడం, అంతే. రెండు గుంపుల్లోనూ సుమారు సగం మందికి మేలు జరిగింది. 2024లో అదే దేశం నుంచి వచ్చిన పెద్ద పరీక్షలో ఈ రెండూ కలిపిన ఆహారంతో 76 శాతం మందికి, మందులతో 58 శాతం మందికి లక్షణాలు గణనీయంగా తగ్గాయి. తిండి పరీక్షల్లో ఏం తింటున్నామో రోగికి తెలిసిపోతుంది కనుక నమ్మకం పాత్రను కొట్టిపారేయలేం. అయినా తొలి అడుగుగా వేళాపాళా సరిచేసుకుని, టీ, కాఫీ మూడు కప్పులకు పరిమితం చేసుకోవడం ఖర్చు లేని పని. పెద్ద నిషేధాలు దానికి లొంగని వారికే.

కార్తీకం నేర్పేది, నేర్పనిది

కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లలో ‘ఈ నెల పొట్ట తేలికగా ఉంది’ అన్న మాట వినిపిస్తుంది. ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో మొదటి దశ 2 నుంచి 6 వారాలు. అంటే మన పంచాంగంలో అచ్చంగా అలాంటి గడువే ఉంది. పులిహోర, దద్దోజనం ఈ కొలతలో మంచి మార్కులే తెచ్చుకుంటాయి. అయితే ఆ నెలలో మాంసం ఉండదు, బయటి తిండి తగ్గుతుంది, భోజనం వేళలు మారతాయి. మేలు దేనివల్ల జరిగిందో ఆ నెల చెప్పలేదు.

చెప్పించాల్సింది తర్వాతి దశ. పోలి పాడ్యమి దాటిన ఆదివారం కోడికూర, ఉల్లి మసాలా, పరోటా ఒకే విస్తట్లో దిగితే సమాచారం అంతా గంగలో కలుస్తుంది. పద్ధతి ప్రకారం మిగతా తిండి అలాగే ఉంచి, ఒక గుంపుకు ఒక్క పదార్థం ఎంచుకోవాలి. గోధుమ అయితే మొదటి రోజు అర చపాతీ, రెండో రోజు ఒకటి, మూడో రోజు రెండు. ఎక్కడ పొట్ట బిగిసిందో రాసుకుని, రెండు మూడు రోజులు విరామం ఇచ్చి, పాలకు, తర్వాత పప్పుకు, తర్వాత ఉల్లికి వెళ్లాలి. ఉల్లిని వెల్లుల్లిని విడివిడిగా చూడాలి, ఒకటి పడి ఇంకొకటి పడనివారు ఉంటారు. ఇదంతా పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో చేస్తే మంచిది. బరువు తక్కువ ఉన్నవారు, తిండి అంటేనే భయపడే స్థితికి వచ్చినవారు నిషేధాల జోలికే వెళ్లకూడదు. ఈ దశ దాటవేసి నెలల తరబడి మొదటి దశలోనే ఉండిపోతే పేగులో మేలు చేసే బిఫిడో బ్యాక్టీరియా తగ్గుతుందని తేలింది. పప్పు, ఉల్లి, గోధుమల్లో మనకు అరగని ఆ చక్కెరలే దాని తిండి.